బస్టాండ్‌లో కాల్ వస్తే? ఏఎన్‌సీ కాదు, మైక్ చూడండి
బాక్స్ మీద పెద్దక్షరాల్లో ఉండే ఏఎన్‌సీ మన చెవుల కోసం. అవతలి వాళ్లకి మన గొంతు క్లియర్‌గా వెళ్లాలంటే చూడాల్సింది మైకులు, ఈఎన్‌సీ.

జగ్గయ్యపేట, నందిగామ రెండూ హైదరాబాద్–విజయవాడ హైవే మీదే. అక్కడి బస్టాండ్‌లో ఉండగా ఇంటర్వ్యూ కాల్ వచ్చిందనుకోండి. ఇంజిన్ రొద ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి ఈఎన్‌సీ దాన్ని బాగానే తీసేస్తుంది. చిక్కంతా హారన్లతో, పక్కవాళ్ల మాటలతో. అవి మన గొంతు ఉండే ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటాయి. గట్టిగా ఫిల్టర్ చేస్తే మన మాటలూ తెగిపోతాయి.

అందుకే నా ఓటు కాడ ఉన్న బడ్స్‌కే, మైక్ నోటికి కాస్త దగ్గరవుతుంది. కోడెక్ కూడా చూడండి: పాత సీవీఎస్‌డీ శాంప్లింగ్ 8 కిలోహెర్ట్జ్, ఎంఎస్‌బీసీది 16.

రిటర్న్ గడువు ముగిసేలోపే బస్టాండ్‌కి వెళ్లి ఫ్రెండ్‌కి కాల్ చేయండి. రికార్డర్ యాప్‌ని నమ్మకండి, చాలాసార్లు అది ఫోన్ మైకే వాడుతుంది.