సంచులకొక సంచి

మానేరుకు ఒక ఒడ్డున సిరిసిల్ల, మరో ఒడ్డున తంగళ్ళపల్లి. ఈ ప్రాంతంలో బట్టకు కొదవ లేదు. తంగళ్ళపల్లి మండలంలోని బద్దెనపల్లిలో టెక్స్‌టైల్ పార్కు ఉంది. ఇక్కడివారు సాంచాలని పిలుచుకునే మరమగ్గాలు వేలాది కుటుంబాలకు అన్నం పెడుతున్నాయి. అయినప్పటికీ మన వంటగదిలో తలుపు వెనుక మేకుకు వేలాడుతున్నది ప్లాస్టిక్ కవర్ల మూటే.

75 మైక్రాన్ల కంటే పలుచని క్యారీ బ్యాగులను 2021 సెప్టెంబరు 30 నుంచి, 120 మైక్రాన్ల కంటే పలుచనివాటిని 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు. మందపు సంచిని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చునన్నది ఇందులోని ఆలోచన. ఒక్కసారి వాడి పారేస్తే మందపు సంచి వలన మరింత నష్టమే. కాబట్టి చట్టం ఆశించిన మేలు నెరవేరవలసింది మన ఇంటిలోనే.

దుబారా చేయరాదని దివ్య ఖుర్ఆన్ (7:31) ఆదేశిస్తోంది. వృథా ఖర్చు చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొంటోంది (17:27). దారిలోని బాధాకరమైన వస్తువును తొలగించడం కూడా విశ్వాసపు శాఖలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ఆహారపు వాసనకు ఆశపడి పశువు మింగిన కవరు దాని పొట్టలో అరగదు, అక్కడే పేరుకుపోయి ప్రాణం తీస్తుంది. దాహంతో ఉన్న కుక్కకు నీళ్ళు పట్టిన మనిషిని అల్లాహ్ క్షమించాడని విన్న మనం, ఈ మూగజీవుల విషయంలో ఉదాసీనంగా ఉండగలమా?

కవర్లను పొందికగా దాచేందుకు చిన్న గొట్టం సంచి చాలు. 22 అంగుళాల పొడవు, 16 అంగుళాల వెడల్పు గల ముక్క తీసుకోండి. కొత్త బట్ట కొననవసరం లేదు. పాత నూలు చీర, లుంగీ, దర్జీ వద్ద మిగిలిన పీలిక ఏదైనా సరిపోతుంది. పాలిస్టరు ముక్క అయినా మంచిదే. అదీ పెట్రోలియం నుంచి పుట్టినదే కనుక, మోరీలో పడకుండా ఆపినట్లవుతుంది.

ముందుగా 16 అంగుళాల అంచులు రెండింటినీ పావు అంగుళం మడిచి, మళ్ళీ ముప్పావు అంగుళం మడిచి కుట్టండి. ఎలాస్టిక్ దూర్చేందుకు కొసలు తెరచి ఉంచండి. పిన్నీసు సాయంతో పై అంచులో 10 అంగుళాల ఎలాస్టిక్, కింది అంచులో 6 అంగుళాల ఎలాస్టిక్ ఎక్కించి, కొసలు కదలకుండా కుట్టు వేయండి. మంచివైపు లోపలికి వచ్చేలా నిలువుగా మడిచి, అర అంగుళం వదిలి పక్క కుట్టు వేయండి. ఎలాస్టిక్ ఉన్నచోట రెండుసార్లు కుట్టాలి. తిరగేసి, పై అంచుకు 8 అంగుళాల పట్టీని ఉంగరంలా బిగిస్తే మేకుకు తగిలించుకోవచ్చు. కవర్లను పైనుంచి దూర్చి, కిందినుంచి ఒక్కొక్కటిగా లాగుకోవచ్చు. కుట్టుమిషను లేనివారు చేతి కుట్టుతోనే పూర్తి చేయవచ్చు. ఈ పని ఆడపిల్లలకే పరిమితం కారాదు. దైవప్రవక్త (స) తమ దుస్తులను తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు.

కొన్ని జాగ్రత్తలు అవసరం. తడి కవర్లను ఆరబెట్టనిదే లోపల పెట్టరాదు. పచ్చి మాంసం తెచ్చిన కవర్లను వీటిలో కలపరాదు. సంచి పసిపిల్లలకు అందనంత ఎత్తులో ఉండాలి, కవరు ముఖానికి అతుక్కుంటే ఊపిరాడదు. ఖుర్బానీ మాంసం పంచేటప్పుడు గిన్నెలు, స్టీలు డబ్బాలు వాడుకుంటే పండుగ మరునాడు వీధి శుభ్రంగా ఉంటుంది. వ్యర్థాలు నింపిన కవరును బజారులో వదిలిపెట్టడం పొరుగువారి హక్కును కాలరాయడమే.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఈ సంచి కవర్లను కూడబెట్టుకోవడానికి కాదు. ఇది ఒక కొలత. అది నిండిందంటే ఇక ఇంటికి ఒక్క కవరు కూడా తేరాదని అర్థం. అంగడికి బయలుదేరినప్పుడు అందులోంచి రెండు లాగి జేబులో పెట్టుకోండి. దుకాణదారు కొత్త కవరు తీయకముందే మన సంచి చాచండి. గొట్టం సంచి క్రమంగా ఖాళీ అయ్యి, దాని పక్కన ఒక బట్ట సంచి చేరిన రోజు మన ప్రయత్నం ఫలించినట్లే, ఇన్షా అల్లాహ్.