ట్రాప్: తెగిన తీగ పంపే కబురు

నెట్‌వర్క్‌లో ఒక లింకు తెగినా, రూటరు ఆగి మళ్లీ లేచినా, ఎవరూ అడగకముందే ఆ సంగతిని పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్‌కు చేరవేసే చిన్న సందేశమే ఈవెంట్ నోటిఫికేషన్. ఇందులో బాగా పాతుకుపోయిన పాత రూపం ట్రాప్. 1987లో రూటర్ల కోసం రాసిన ఎస్‌జీఎంపీ ప్రోటోకాల్‌లో అది ఉంది. మరుసటి ఏడాది దాని స్థానంలో వచ్చిన ఎస్‌ఎన్‌ఎంపీలోకీ చేరింది. రెండింటినీ రాసింది ఆ నలుగురే: జెఫ్రీ కేస్, మార్క్ ఫెడర్, మార్టిన్ షాఫ్‌స్టాల్, జేమ్స్ డేవిన్.

అప్పటి రూటర్లకు మెమరీ తక్కువ, లింకుల వేగమూ తక్కువే. అందుకే భారమంతా కేంద్రంలోని మేనేజరు సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. కొన్ని నిమిషాలకోసారి అది ఒక్కో రూటరునూ పలకరించి లెక్కలు తెచ్చుకుంటుంది. దీన్ని పోలింగ్ అంటారు. రెండు పలకరింపుల నడుమ ఏదైనా జరిగితే రూటరే ట్రాప్ పంపాలి. శింగనమల చెరువు లాంటి పెద్ద చెరువుకు నీరుగంటి రోజూ కట్ట మీద తిరిగి తూములు చూసుకోవడం ఒకటి, మరవ పారగానే ఊళ్లోకి కబురు రావడం ఇంకొకటి. ఏ ఒక్కదానితోనూ సరిపోదు. పోలింగ్ ప్రశ్నలు రూటరులోని 161వ పోర్టుకు వెళ్తే, ట్రాప్‌లు మేనేజరులోని 162వ పోర్టుకు వస్తాయి.

1990 మేలో వెలువడిన ఎస్‌ఎన్‌ఎంపీ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1157 ప్రకారం ట్రాప్‌లు 0 నుంచి 6 దాకా ఏడు రకాలే. 0, 1 పరికరం మళ్లీ మొదలైందని చెబుతాయి. 2 అంటే లింకు పడిపోయింది, 3 అంటే లేచింది. 4 అంటే ఎవరో సరైన గుర్తింపు లేకుండా అడిగారు. 5 అంటే ఈజీపీ అనే రూటింగ్ పద్ధతిలో పొరుగు రూటరు పలకడం లేదు. ఈజీపీని బీజీపీ అనే తర్వాతి రూటింగ్ పద్ధతి పక్కకు నెట్టాక ఆ అయిదో అంకెకు పని లేకుండా పోయింది. ఆరోది తయారీదారులకు వదిలేసిన ఖాళీ జాగా, చివరికి దాన్నే అందరికంటే ఎక్కువగా వాడుకున్నారు. ట్రాప్‌లో ఉండే సమయం గడియారపు సమయం కాదు. పరికరంలోని ఆ సాఫ్ట్‌వేర్ మొదలై ఎంతసేపైందో సెకనులో వందో వంతుల్లో చెప్పే లెక్క. 32 బిట్ల ఆ లెక్క దాదాపు 497 రోజులకు నిండి మళ్లీ సున్నాకు వస్తుంది. ఏడాదికి పైగా ఆగకుండా నడిచిన రూటరు ఇప్పుడే లేచినట్టు కనిపించేది అందుకే.

ట్రాప్ వెళ్లేది రసీదు లేని యూడీపీ అనే రవాణా పద్ధతి మీద. అందిందో లేదో పంపిన పరికరానికి తెలియదు. 1993లో ఎస్‌ఎన్‌ఎంపీ రెండో రూపం రసీదు అడిగే ఇన్‌ఫార్మ్ సందేశాన్ని తెచ్చింది. రసీదుతో అసలు చిక్కు తీరదు. రూటరుకు ఉన్న ఒకే దారి తెగితే, తెగిందన్న కబురు పోవాల్సిందీ ఆ దారినే. అప్పుడు చెప్పగలిగేది అవతలి కొసన ఉన్న రూటరు ఒక్కటే.

ఈ చిక్కు బాగా తెలిసేది ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ లాంటి చోట. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఈ నెట్‌వర్క్ కోసం దాదాపు 24 వేల కిలోమీటర్ల కేబుల్‌ను భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదే లాగారు. పర్యవేక్షణ కేంద్రం విశాఖపట్నంలో ఉంది. ఇళ్లకు చేరేది జీపాన్ పద్ధతిలో: ఒక పోర్టు నుంచి వచ్చే ప్రధాన తీగను స్ప్లిటర్ అనే పరికరం చాలా ఇళ్లకు పంచుతుంది. శింగనమలలో ఒక ఇంట్లో నెట్ పోయిందనుకుందాం. కరెంటైనా పోయి ఉండాలి, ఫైబరైనా తెగి ఉండాలి. మొదటిది లైన్‌మన్ పని, రెండోదానికి స్ప్లైసింగ్ మిషన్ పట్టుకుని ఇంకో మనిషి వెళ్లాలి. ఎవరిని పంపాలో తేల్చేది ఇంజనీర్లు డైయింగ్ గ్యాస్ప్ అనే సందేశం. కరెంటు పోగానే ఇంట్లోని పెట్టె తన కెపాసిటర్లలో మిగిలిన చార్జితో, పూర్తిగా ఆరిపోయేలోపు, కరెంటు పోయిందని ఒక్క ముక్క చెప్పి ఆగిపోతుంది. ఆ ముక్క రాకుండానే పెట్టె నుంచి వెలుగు ఆగితే అనుమానం ఫైబరు మీదికి పోతుంది. ఒక్క ఇంటిదే ఆగితే ఆ ఇంటి తీగ. ఒక పోర్టు కింది ఇళ్లన్నీ ఒక్కసారే ఆగితే స్ప్లిటర్‌కు ముందున్న ప్రధాన తీగ. తెగింది ఫైబరే అయితే ఇంట్లో పెట్టె మీద ఎల్‌ఓఎస్ ఎర్ర దీపం వెలుగుతుంది. ఆపరేటరుకు ఫోన్ చేసేవాళ్లు ముందు చెప్పేది ఆ ‘రెడ్ లైట్’ గురించే. గాలివానకు స్తంభమే ఒరిగితే మాత్రం ఈ లెక్క తప్పుతుంది: కరెంటు పోయిందని చెప్పాల్సిన తీగ కూడా కరెంటు తీగతో పాటే పోతుంది.

కబుర్లు రాకపోతే ఒక తంటా, మరీ ఎక్కువగా వస్తే ఇంకో తంటా. ఒక్క ప్రధాన రూటరు పడితే దాని వెనుక ఉన్నవన్నీ పడిపోయినట్టే కనిపిస్తాయి. 1999లో ఈథన్ గాల్‌స్టాడ్ మొదలుపెట్టిన, తర్వాత నాగియోస్ పేరుతో పేరొందిన సాఫ్ట్‌వేర్‌లో ఏ పరికరం దేని వెనుక ఉందో ముందే రాసిపెట్టవచ్చు. ముందున్నది పడితే వెనుకవాటిని ‘పడిపోయాయి’ అనదు, ‘అందడం లేదు’ అంటుంది. వదులు కనెక్టర్ వల్ల లింకు పడుతూ లేస్తూ ఉంటే, చివరి 21 పరీక్షల ఫలితాలు చూసి, నిలకడ వచ్చేదాకా కబుర్లు ఆపుతుంది. 1991 నాటి ఆర్‌మాన్ ప్రమాణంలోని ఉపాయం ఇంకా తేలిక: ట్రాఫిక్ 80 శాతం దాటితే ఒక కబురు, మళ్లీ 60 కిందికి దిగేదాకా రెండోది లేదు. ఆ అంకెలు వాడేవాళ్ల ఇష్టం, రెండు గీతలు ఉండటమే ముఖ్యం.

ఆ తర్వాతి ప్రమాణాలు దిశ మార్చాయి. 2008లో నెట్‌కాన్ఫ్ నోటిఫికేషన్లు, 2019లో యాంగ్ పుష్ వచ్చాయి. వీటిలో ఏ సంగతి కావాలో మేనేజరే ముందుగా చందా కట్టుకుంటుంది: మారినప్పుడు మాత్రమే పంపమనవచ్చు, ఇన్ని సెకన్లకోసారి పంపమనవచ్చు. అడగడానికీ చెప్పడానికీ మధ్య గీత ఇక్కడ చాలావరకు చెరిగిపోయింది. అయినా లింకు పడితే పాత ట్రాప్‌ను 162వ పోర్టుకు పంపే రూటర్లు, స్విచ్చులు ఇప్పటికీ తయారవుతూనే ఉన్నాయి.