అచ్చయినదెల్ల శాస్త్రమా?



గడచిన సంక్రాంతికి మా చెల్లెలి మనుమడు గచ్చిబౌలినుండి మా యూరికి వచ్చెను. అతడు అచ్చట పెద్ద చదువు చదువుచున్నాడు. "తాతయ్యా! నా వ్యాసమును ఒక పత్రికవారు వారము దినములలో అచ్చువేయుదురట. ఇరువదివేల రూపాయలు పంపుమనిరి" అని సంతోషముతో చెప్పెను. "ఎవరు పరీక్షించిరి? ఏమని ప్రశ్నించిరి?" అని యడిగితిని. "ఎవ్వరును ఒక్క ప్రశ్నయు వేయలేదు" అనెను. ఆ మాట నాకు సందేహమును కలిగించినది. దాని కారణమును నేడు మీకు విన్నవించెదను.

పరిశోధన పత్రిక వార్తాపత్రిక వంటిది కాదు. దీనిని ఇంగ్లీషున జర్నలందురు. క్రొత్త సంగతిని కనుగొనిన విద్వాంసుడు తానేమి చేసెను, ఎట్లు చేసెను, ఏమి కనబడెను అను మూడింటిని వ్రాసి సంపాదకునకు పంపును. సంపాదకుడు ఆ వ్యాసమును ఆ శాస్త్రమునందే ఆరితేరిన ఇద్దరు ముగ్గురకు చూపును. మన తర్కమున సిద్ధాంతమునకు ముందు పూర్వపక్షము నిలుచునట్లే, వారు లోపములను వెదకి ప్రశ్నింతురు. సమాధానము కుదిరినగాని వ్యాసము అచ్చున కెక్కదు. ఇట్టి పత్రికలలో మిక్కిలి పురాతనమైన వానిలో నొకటి 1665లో లండనునందు హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ప్రారంభించినది. అది నేటికిని వెలువడుచున్నది. ఈ పరీక్షాపద్ధతి మాత్రము కాలక్రమమున బలపడినది.

ఇందులకు మన హైదరాబాదునందే నిదర్శనము కలదు. 1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదు దండులో వైద్యుడైన రొనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తము త్రాగిన దోమను కోసి, దాని కడుపులో వింత కణములను చూచెను. ఆ సంగతి 1897 డిసెంబరు 18వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ అను పత్రికలో వెలువడినది. ఆ వ్యాసమున రాస్ మలేరియాను జయించితినని చాటలేదు. శీర్షికయందే తాను చూచినది రెండు దోమలలోనని స్పష్టముగా చెప్పెను. లండనులో పాట్రిక్ మాన్సన్ మొదలగువారు ఆ కణములను స్వయముగా చూచి తమ అభిప్రాయమును జోడించిరి. మరుసటి యేడు రాస్ కలకత్తాలో పక్షుల మలేరియా దోమలద్వారా వ్యాపించునని నిరూపించెను; ఇటలీ విద్వాంసులు మనుష్యుల మలేరియా విషయమున దానిని స్థిరపరచిరి. 1902లో రాస్‌కు నోబెలు బహుమానము లభించెను. అచ్చు వేయుటతో పని ముగియలేదు. ఇతరులు చూచి, మరల చేసి, సరియని తేల్చుటతో సత్యము నిలిచినది.

రాస్ పనిచేసిన బేగంపేటకు పడమటగా నేడు హైటెక్ సిటీ వెలసినది. సైబర్ టవర్స్ 1998లో ప్రారంభమైనది; ఆ యేడే గచ్చిబౌలిలో త్రిపుల్ ఐటి స్థాపితమైనది; 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆ ప్రాంతమందే కలదు. వేలకొలది వ్యాసములు నేడు కంప్యూటరులోనే చదువబడుచున్నవి. విద్య పెరిగినచోట వ్యాపారమును పెరుగును. హైదరాబాదు కేంద్రముగా పత్రికలు నడిపిన ఓమిక్స్ అను సంస్థపై అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో వ్యాజ్యము వేసినది. నిపుణుల పరీక్ష జరుగునని నమ్మబలికి, రుసుము సంగతి ముందుగా తెలుపక రచయితలను మోసగించిరని అభియోగము. సంస్థవారు దానిని నిరాకరించిరి. 2019లో అమెరికా న్యాయస్థానము సంస్థకు వ్యతిరేకముగా తీర్పిచ్చి, అయిదుకోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమనెను.

రుసుము పుచ్చుకొనుటయే దోషమని నేననను. నిజాయితీగల పత్రికలును కొన్ని పుచ్చుకొనును. పరీక్ష లేకుండుటయే దోషము. పరీక్షించిన వ్యాసమునందును తప్పు దొరలవచ్చును; అప్పుడు మంచి పత్రిక దానిని బహిరంగముగా ఉపసంహరించుకొనును.

ఇది చదువరుల గొడవ, మనకేల యందురేమో. రేపు మీ వాకిటికి ఒకడు వచ్చి, "ఈ మందు, ఈ విత్తనము విదేశపు జర్నలులో మెప్పు పొందినవి" అని కాగితము చూపును. అప్పుడు మూడు ప్రశ్న లడుగుడు: ఏ పత్రిక? ఎవరు పరీక్షించిరి? మరియొకచోట మరియొకరు చేసి చూచిరా? బదులు రానిచో రొక్కము మొలనుండి తీయకుడు.

మా మనుమడు సొమ్ము పంపలేదు. వ్యాసమును తన గురువునకు చూపగా ఆయన పదునాలుగు తప్పులు గుర్తించెనట. వానిని దిద్దుకొనుచున్నాడు. నాకిప్పుడు సంతోషముగా నున్నది.

సెలవు.