కాలిపుండునకు కట్టు

మేము పొలముల వెంట తిరుగునపుడు, చీలమండకు కొంచెము పైగా, లోపలి వైపున, నెలల తరబడి మానని పుండుతో పనిచేయు రైతులను, నాట్లు వేయు స్త్రీలను చూచుచున్నాము. పుండు చుట్టును చర్మము నల్లబడి గట్టిపడి యుండును. సాయంకాలమునకు కాలు పొంగును. చెడిన సిరల వలన కలుగు ఈ పుండునకు ముఖ్యచికిత్స కాలిని బిగించి కట్టుటయే. మందుకంటె కట్టే ప్రధానమనిన మనవారు నమ్మరు. నాలుగవ దినముననే విప్పివేయుదురు.

బావిలోని పంపునకు అడుగున ఫుట్‌వాల్వు ఉండుట మీరెరిగినదే. అది చెడినచో ఎక్కిన నీరు మరల జారిపోవును. కాలి సిరలలోను అట్టి తలుపులు కలవు. నడచునపుడు పిక్క కండరము పంపువలె రక్తమును పైకి నెట్టును. తలుపులు దానిని క్రిందికి రానీయవు. అవి చెడినచో రక్తపు బరువు చీలమండ వద్ద నిలిచి, ఊట చర్మములోనికి దిగును. ఆ చోట చిన్న గీరుడైనను పుండగును. కట్టు చీలమండ వద్ద సుమారు పాదరసపు 40 మిల్లీమీటర్ల ఒత్తిడి నిచ్చి, మోకాలి వైపునకు క్రమముగా తగ్గుచు, ఆ బరువును కాయును. లేపనమునకు ఈ శక్తి లేదు.

విప్పువారిని మొండివారని నిందించుట సులభము. మేమట్లు అనజాలము. ఎండకాలమున కట్టు క్రింద దురద పుట్టును, రసి కారి వాసన వచ్చును, చెప్పు పట్టదు. మొదటి వారములలో నొప్పియు ఉండును. మేమెరిగిన ఒక రైతు, పుండు ఎంత మానెనో చూచుటకై రాత్రులందు కట్టు విప్పి, తెల్లవారి తానే వదులుగా చుట్టుకొనువాడు. మామిడి అంటు కట్టి, అతుకు పడెనో లేదో యని దినదినము నార విప్పి చూచెదవా అని అడిగితిమి. నవ్వి ఊరకుండెను. మా మాటకంటె అతనికి ఎక్కువ మేలు చేసినవాడు తమ్ముడు. దమ్ములోని పని తాను పైని వేసికొని, అన్నకు కళ్లపు లెక్కలు, గట్టుమీది పనులు ఒప్పగించెను. కట్టు మరల బురద చూడలేదు. మూడు నెలలకు పుండు పూడెను.

రసి హెచ్చుగా నున్నపుడు కట్టును వారమునకు రెండుమూడు సార్లు మార్చుమని ఆసుపత్రివారిని అడుగవలెను. తగ్గిన పిదప సాధారణముగా వారమునకొకసారి చాలును. వ్రేళ్ల మొదలునుండి మోకాలి క్రిందివరకు నేర్చిన చేతులే కట్టవలెను. స్నానమప్పుడు ప్లాస్టిక్ సంచి తొడుగుకొనవచ్చును. నడక మానరాదు, కూర్చున్నపుడు కాలు ఎత్తున నుంచవలెను.

ఒక హెచ్చరిక. ధమనులలో రక్తము చాలని కాలికి బిగింపు కీడు చేయును. డాక్టరు చీలమండ రక్తపుపోటును చేతిపోటుతో పోల్చి చూచిన పిదపనే కట్టించుకొనవలెను. మధుమేహము గలవారికి మరింత జాగ్రత్త కావలెను. వ్రేళ్లు నీలమైనను, చల్లబడినను, మొద్దుబారినను, నొప్పి భరింపరానిదైనను వెంటనే విప్పి ఆసుపత్రికి పోవలెను. ఆ విప్పుట తప్పు కాదు.

చెడిన సిరను మూయు చికిత్సయు నేడు కలదు. బ్రిటనులో జరిగి 2018లో ప్రకటింపబడిన పరిశోధనలో, సిరను త్వరగా మూసినవారి పుండ్లు మానుటకు పట్టిన మధ్యస్థకాలము 56 దినములు. ఆలస్యము చేసినవారికి 82. ఇరు పక్షములవారికిని కట్టు కట్టిరి.

పుండు మానినను సిరల తలుపులు బాగుపడవు. కావున పిదప బిగుతు మేజోళ్లు కావలెను. ఉదయము మంచము దిగకమునుపే తొడిగి, రాత్రి తీయవలెను. సుమారు ఆరు మాసములకు వాని బిగువు పోవును, క్రొత్తవి కొనవలెను. రెండు జతలున్నచో, ఉతికినది నీడన ఆరుచుండగా రెండవది కాలికి ఉండును.