మీకు తెలుసా? నెత్తుట్లో గస్తీ కణాలు

కవ్వాల్ అడవిలో బీట్ ఆఫీసర్ ఫిర్యాదు వచ్చేదాకా కూర్చోడు, రోజూ తిరుగుతూనే ఉంటాడు. మన రక్తంలోని నేచురల్ కిల్లర్ కణాలదీ అదే తీరు. వీటి సంగతి 1975లో వెల్లడైంది. ఎదురైన కణానికి గుర్తింపు కార్డు లాంటి ప్రొటీన్ లేదా, అనుమానం బలపడిందా, చంపేస్తాయి.

మరి మెదడులో వేగంగా పెరిగే గ్లయోబ్లాస్టోమా కేన్సర్ గడ్డ వీటికెందుకు లొంగదు? టీజీఎఫ్-బీటా అనే ప్రొటీన్‌తో వీటిని జోకొడుతుంది. పైగా మెదడు వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా వీటిని నీరసపరుస్తుంది. వాడక తప్పని మందే అడ్డుపడటం! అందుకే అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ సెంటర్ శాస్త్రవేత్తలు కిల్లర్ కణాల్లో ఈ రెండు సంకేతాలనూ అందుకునే గ్రాహకాల జన్యువులను క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో పనిచేయకుండా చేశారు.

జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మరో దారి: కొన్ని గడ్డల కణాలపై ఉండే హెర్2 ప్రొటీన్‌ను పసిగట్టేలా మలిచిన ఎన్‌కే-92 అనే కిల్లర్ కణాలను గడ్డ తీసిన చోటే ఎక్కించి చూశారు. ఎన్‌కే-92కి మూలం ఒక లింఫోమా రోగి రక్తం. కేన్సర్ రోగి ఇచ్చిన కణాలే కేన్సర్ మీదికి!

ఇవన్నీ ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. కరీంనగర్ నుంచో ఆదిలాబాద్ నుంచో హైదరాబాద్ బస్సెక్కే రోగికి ప్రస్తుతం అందే ప్రధాన వైద్యం ఆపరేషన్, రేడియేషన్, టెమోజొలమైడ్ మాత్రలు.