నేలమాళిగలో నిద్ర... పండగనాడు మెలకువ!

బిడ్డ పుట్టిన ఏడాది కొని దాచిన సీసా... ఆ బిడ్డకి పాతికేళ్లు వచ్చాక క్రిస్మస్ విందులో తెరుచుకుంటుంది. వైన్ దాచుకునే ఫ్రెంచి కుటుంబాలకి అదో ముచ్చట. కానీ దాచడం కన్నా కష్టమైన పని ఒకటుంది... ఎప్పుడు తెరవాలో తేల్చుకోవడం!

డిసెంబరు 24 రాత్రి. చదువులకీ ఉద్యోగాలకీ తలోదిక్కూ వెళ్లినవాళ్లంతా ఇల్లు చేరే రోజు. ఫ్రాన్స్‌లో ఆ రాత్రి భోజనాన్ని 'రెవెయోఁ' అంటారు. గంటలకొద్దీ సాగుతుందది. నిమ్మరసం పిండిన ఆయిస్టర్లు, బాతు కాలేయంతో చేసే ఫ్వాగ్రా, ఓవెన్‌లో కాల్చిన కోడిపుంజు, చివర్లో చెట్టుదుంగ ఆకారంలో ఉండే 'బూష్ ద నోయెల్' కేకు... ఒక్కో వంటకానికీ ఒక్కో వైన్ జత. ఇలా వంటకానికి తగ్గ వైన్‌ని ఎంచుకోవడం సహా ఫ్రెంచివాళ్ల విందు సంప్రదాయం మొత్తాన్నీ యునెస్కో 2010లో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

పాతదల్లా మంచిదేం కాదు

ఎంత పాతబడితే వైన్ అంత బాగుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువ శాతం ఒకట్రెండేళ్లలో తాగేయాల్సినవే. బోజొలే నూవో అనే రకమైతే ద్రాక్ష కోసిన కొన్ని వారాలకే, నవంబరు మూడో గురువారం నాడు అమ్మకానికి వచ్చేస్తుంది. దాచినకొద్దీ రుచి పెరిగేవి కొన్నే. బోర్డో, బర్గండీ ప్రాంతాల్లోని మేలురకం ఎర్ర వైన్లూ, సోటెర్న్ తీపి వైన్లూ అలాంటివి.

ఎందుకలా? ఎర్ర వైన్‌లోకి ద్రాక్ష తొక్క నుంచీ గింజ నుంచీ టానిన్లు చేరతాయి. కొత్త వైన్ నాలుకకి వగరుగా తగిలేది వాటివల్లే. ఏళ్లు గడిచేకొద్దీ అవి ఒకదానితో ఒకటి కలిసి పెద్దవై, మడ్డిలా సీసా అడుక్కి దిగిపోతాయి. వగరు తగ్గుతుంది. ముదురు ఎరుపు కాస్తా ఇటుకరంగులోకి మారుతుంది. తెల్ల వైన్ అయితే బంగారురంగుకి తిరుగుతుంది. ఇందులో గాలి పాత్ర ఏమిటో చెప్పింది లూయీ పాశ్చర్. మూడో నెపోలియన్ కోరిక మీద వైన్‌కి వచ్చే జబ్బుల్ని పరిశోధించి, 1866లో ఆయన పుస్తకం వేశారు. కొద్దికొద్దిగా అందే ఆక్సిజన్ వైన్‌ని మాగబెడుతుంది. మోతాదు మించితే అదే పాడుచేస్తుంది!

చీకటి, చల్లదనం, ఓపిక

అందుకే పాత ఇళ్లలోని నేలమాళిగలకి అంత విలువ. అక్కడ ఎండాకాలమైనా చలికాలమైనా 12 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉండాలి. వెలుతురు సోకకూడదు. గాలిలో తేమ 70 శాతం దాకా ఉంటే బిరడా ఎండిపోదు. సీసాల్ని పడుకోబెట్టేదీ బిరడా లోపలి నుంచి తడిగా ఉండాలనే. నేలమాళిగ లేని అపార్ట్‌మెంట్లవాళ్లు ఫ్రిజ్‌లాంటి వైన్ అలమరలు కొనుక్కుంటారు.

ఈ సీసాల కోసం గోడలు కట్టినవాళ్లూ ఉన్నారు. 1940లో జర్మన్ సేనలు పారిస్‌ని ఆక్రమించినప్పుడు, 'లా టూర్ దార్జాఁ' రెస్టారెంటువాళ్లు తమ మేలైన సీసాల ముందు గోడ కట్టించి దాచేశారు. యుద్ధం ముగిసిన 1945లో బోర్డోలో వైన్ అద్భుతంగా కుదిరింది. ఆ ఏడాది షాతో మూతాఁ రోత్‌షీల్డ్ తన సీసాల లేబుల్ మీద విజయానికి గుర్తుగా 'వి' అక్షరాన్ని వేయించింది.

అన్ని సంవత్సరాలూ అలా కలిసిరావు. బోర్డోకి 1961, 1982, 2005 లాంటివి గొప్ప ఏళ్లు. 2013 అంతంతమాత్రం. ఆ ఏడాది పుట్టిన బిడ్డ కోసం పాతికేళ్లు నిలిచే బోర్డో వైన్ దాచాలంటే తల్లిదండ్రులు కాస్త గాలించాల్సిందే.

తెరవడమూ ఓ కళే

పాత సీసాని పండక్కి ఒకట్రెండు రోజుల ముందే నిలబెడతారు, మడ్డి అడుక్కి చేరాలని. ముసలి బిరడా పొడిపొడిగా విరిగిపోతుంది కాబట్టి మెల్లగా, తిన్నగా లాగాలి. తర్వాత సీసా మెడ వెనక కొవ్వొత్తి పెట్టి, ఆ వెలుగులో చూస్తూ వైన్‌ని వేరే పాత్రలోకి వంచుతారు. మడ్డి మెడ దాకా రాగానే ఆపేస్తారు. బాగా పాతదైతే ఎక్కువసేపు గాలికి వదలకూడదు. ఏళ్లతరబడి కూడిన సువాసన కాసేపట్లోనే ఎగిరిపోవచ్చు. గ్లాసులో కాస్తే పోసుకుని ముందు వాసన చూస్తారు. కొత్తలో ఉన్న పండ్ల పరిమళం పోయి... ఎండుటాకులు, పుట్టగొడుగులు, తోలు, పొగాకు గుర్తుకొస్తాయి.

ఫ్వాగ్రాకి సోటెర్న్ పాత జోడీ. ద్రాక్షకి పట్టే ఒకరకం బూజు పండులోని నీటిని తగ్గించి తీపిని చిక్కబరుస్తుంది. అందులో పేరుమోసిన షాతో దికెమ్‌లో ఒక్కో ద్రాక్ష మొక్క నుంచి వచ్చేది ఒక్క గ్లాసు వైనే. పంట తమ స్థాయికి తగ్గట్టు లేదని 2012లో వాళ్లు అసలు వైనే విడుదల చేయలేదు! జూరా కొండప్రాంతానిది మరో ప్రత్యేకత. అక్కడి 'వాఁ జోన్' పీపాల్లోనే కనీసం ఆరేళ్ల మూడు నెలలు ఉండాలి. ఆవిరై పోగా ఒక లీటరుకి దాదాపు 62 సెంటీలీటర్లు మిగులుతుందని చెబుతారు. సీసా కొలతా సరిగ్గా అంతే. పండగ కోడికూరకి ఆ వైన్‌తో సాస్ చేస్తారు.

తొందరా... ఆలస్యమా?

ఇంత చేసినా పూచీ లేదు. బిరడాలో పుట్టే ఓ రసాయనం వల్ల కొన్ని సీసాలు తడిసిన అట్టముక్క వాసన కొడతాయి. తెరిచేదాకా ఆ సంగతి తెలియదు. 1990ల నడిమి నుంచి వచ్చిన బర్గండీ తెల్ల వైన్లు కొన్ని, పది పదిహేనేళ్లు ఉంటాయనుకుంటే అంతకు చాలా ముందే రంగు మారి చప్పబడిపోయాయి. పదిలంగా దాచినవాళ్లే ఎక్కువ నష్టపోయారు.

అందుకే తెలిసినవాళ్లు ఒకే రకం ఆరో పన్నెండో సీసాలు కొంటారు. రెండు మూడేళ్లకొకటి తెరిచి చూస్తారు. ఇంకా వగరుగా ఉంటే మిగతావాటిని ఆపుతారు, పదునుకొచ్చిందనిపిస్తే పండక్కి బయటికి తీస్తారు. ఒక్కటే సీసా ఉన్నవాళ్లకి ఆ వీలు లేదు. 'ఇంతకన్నా మంచి సందర్భం వస్తుందిలే' అని ఏటా వాయిదా వేస్తూపోతారు. చివరికి పెద్దాయన కాలంచేశాక పిల్లలు నేలమాళిగ తలుపు తీస్తే... సగానికి సగం సీసాలు పులిసి ఉంటాయి. ఏడాది ముందు తెరిస్తే పోయేది కాస్త రుచే. ఆలస్యం చేస్తే వైన్‌తోపాటు దాన్ని దాచిన మనిషీ ఉండకపోవచ్చు.

చాలా ఇళ్లలో నేలమాళిగకో పుస్తకం ఉంటుంది. ఏ సీసా ఎప్పుడు కొన్నారు, ఎప్పుడు తెరిచారు, రుచి ఎలా ఉంది... అన్నీ అందులో రాసుకుంటారు. వాటి పక్కనే మరో గడి కూడా ఉంటుంది... ఆ పూట భోజనానికి ఎవరెవరు కూర్చున్నారో రాయడానికి!