40 ఏళ్లు దాటాక కొత్త పని: పథకం ఏమిస్తుంది, మీరేం చూసుకోవాలి
(జఫర్‌గఢ్ మండల లబ్ధిదారుల కోసం)

ఇది ఎవరి కోసం?

మోకాళ్ల నొప్పులతో తాడిచెట్టు ఎక్కలేకపోతున్న గీత కార్మికులు, మగ్గం గుంటలో గంటల కొద్దీ కూర్చోలేని చేనేత కార్మికులు, నడుము పట్టేసి నాట్లకు, కలుపుకు పోలేని అక్కలు, పట్నంలో సెక్యూరిటీ పని మానేసి ఊరికి తిరిగొచ్చిన అన్నలు. మీరు వీరిలో ఒకరైతే ఇది మీ కోసమే.

"ఈ వయసుల కొత్త పనేంది? మాకు లోనెవరిస్తరు?" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి కొన్ని పథకాలకు పై వయసు పరిమితే లేదు. దెబ్బతీసేది వయసు కాదు, తొందర. ఎదురింటాయనకు సబ్సిడీ వచ్చిందని మనమూ అదే పనికి దరఖాస్తు పెట్టడం దగ్గరే నష్టం మొదలవుతుంది. 25 ఏళ్లప్పుడు దెబ్బ తింటే తేరుకోవడానికి టైముంటుంది. 48 ఏళ్లప్పుడు అదే అప్పు బిడ్డ పెండ్లి మీద, కొడుకు ఫీజు మీద పడుతుంది. అందుకే ముందు పని తేల్చుకోండి, పథకం సంగతి తర్వాత.

1. ముందు మీ లెక్క మీరు వేసుకోండి

కాగితం తీసుకుని ఈ మూడింటికి జవాబు రాయండి. రాయడం రాకపోతే ఇంట్లో చదువుకున్న పిల్లలతో రాయించండి.

ఒకటి: మీకు ఇప్పటికే ఏం వచ్చు? "మాకేం రాదు" అనకండి. కల్లు గీసే ఆయనకు తెల్లవారుజామునే లేవడం, రోజూ వచ్చే గిరాకీని నిలుపుకోవడం, ఉద్దెర లెక్క గుర్తుపెట్టుకోవడం తెలుసు. పాల కేంద్రానికైనా, టిఫిన్ సెంటర్‌కైనా కావలసింది అదే. ఇరవై మంది కూలీలను కూడగట్టి నాట్లకు తీసుకుపోయే అక్కకు మనుషులతో పని చేయించడం తెలుసు. పెండ్లిళ్లకు వంట కాంట్రాక్టు పట్టాలంటే సగం పని అదే.

రెండు: మీ ఒళ్లు ఏ పనికి ఒప్పుతుంది? మోకాళ్లు పోయాయని చెట్టు దిగినవారు రోజంతా నిలబడే పని ఎంచుకుంటే ఏడాది తిరగకముందే మళ్లీ మొదటికి వస్తారు.

మూడు: కొనేవాళ్లు ఎవరు? మీ ఊళ్లో ఇప్పటికే రెండు పిండిగిర్నీలు ఉంటే మూడోదానికి ఎవరొస్తారు? జఫర్‌గఢ్, వర్ధన్నపేట, స్టేషన్ ఘన్‌పూర్ తిరిగి పది దుకాణాల్లో అడగండి. "నేను కారంపొడి తెస్తే తీసుకుంటరా? కిలోకు ఎంతిస్తరు?" లోన్ తీసుకోకముందు వచ్చే ఈ జవాబులకు ఖర్చేమీ లేదు. లోన్ తీసుకున్నాక తెలిస్తే కిస్తీ రూపంలో కట్టాలి.

తర్వాత రెండు మూడు నెలలు పాత పని మానకుండా కొత్త పని చిన్నగా చేసి చూడండి. గిర్ని పెట్టాలనుకుంటే ముందు పది కిలోల కారం పట్టించి అమ్మండి. టిఫిన్ సెంటర్ అనుకుంటే అంగడి రోజు ఒక్కటే పెట్టి చూడండి.

2. ఏ పథకం ఎవరికి?

పీఎంఈజీపీ: కొత్తగా యూనిట్ పెట్టేవారికి. 18 ఏళ్లు నిండాలి, పై వయసు పరిమితి లేదు. తయారీ యూనిట్‌కు 50 లక్షలు, సేవల యూనిట్‌కు 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. పల్లెల్లో మహిళలు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులకు సబ్సిడీ 35 శాతం, సొంత వాటా 5 శాతం. మిగతావారికి సబ్సిడీ 25 శాతం, సొంత వాటా 10 శాతం. ప్రాజెక్టు తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితేనే 8వ తరగతి పాస్ అడుగుతారు. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు. కల్లు గీసి అమ్మడం, బీడీ, మద్యం, పంట సాగు వంటి వాటికి ఇవ్వరు. జనగామలోని జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి.

పీఎం విశ్వకర్మ: 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. దర్జీ, మేస్త్రీ, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి, బుట్టలల్లేవారు ఇలా 18 చేతివృత్తులకు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల లోన్ ఇస్తారు. కల్లుగీత, చేనేత ఈ 18లో లేవు. కానీ ఇంట్లో కుట్టుమిషన్ మీద ఇప్పటికే బట్టలు కుడుతున్నవారు దర్జీ కింద అడగవచ్చు.

మహిళా సంఘం దారి: సంఘంలో ఉన్న అక్కలకు బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లోన్లు ఉన్నాయి. 2024లో మొదలైన ఇందిరా మహిళా శక్తి కింద క్యాంటీన్ల వంటి యూనిట్లు కూడా సంఘాల ద్వారానే వస్తాయి. ముందు మీ వీఓఏను, తర్వాత మండలంలోని ఐకేపీ ఆఫీసులో ఏపీఎంను కలవండి.

శిక్షణ: ఉమ్మడి వరంగల్ జిల్లా వారికి హసన్‌పర్తిలో ఎస్‌బీఐ ఆర్‌సెటి ఉంది. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. ఇక్కడ మాత్రం వయసు లెక్క ఉంది. చాలాకాలంగా 18 నుంచి 45 ఏళ్ల వారినే తీసుకుంటూ వచ్చారు. 44లో ఉన్నవారు వచ్చే ఏడాది చూద్దాం అనుకోవద్దు. 45 దాటినవారు ముందు అడిగి తెలుసుకుని వెళ్లండి.

3. ఒక లెక్క చూద్దాం

కూనూరులో ఒక అక్క పీఎంఈజీపీ కింద 5 లక్షలతో పిండిగిర్ని, కారంపొడి యూనిట్ పెడుతుందని అనుకుందాం.

సొంత వాటా 5 శాతం: 25,000 రూపాయలు
బ్యాంకు ఇచ్చేది: 4,75,000 రూపాయలు
అందులో సబ్సిడీ 35 శాతం: 1,75,000 రూపాయలు
అక్క నిజంగా తీర్చాల్సింది: 3,00,000 రూపాయలు, దాని మీద వడ్డీ

సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉంటుంది. అంత మొత్తానికి మీ లోన్‌పై వడ్డీ వేయరు. మూడేళ్ల తర్వాత యూనిట్ నడుస్తోందని చూసి అప్పులో జమ చేస్తారు. మధ్యలో మూసేస్తే సబ్సిడీ పోతుంది.

మూడు లక్షలను 11 శాతం వడ్డీతో ఐదేళ్లలో కడితే నెలకు సుమారు 6,500 రూపాయల కిస్తీ. నెలకు 26 రోజులు గిర్ని నడిస్తే కిస్తీకే రోజుకు 250 రూపాయలు పక్కన పెట్టాలి. కరెంటు బిల్లు, షాపు కిరాయి, ఇంటి ఖర్చు దీనికి వేరే. రోజుకు అంత మిగులుతుందా? మీరు చేసి చూసిన ఆ రెండు మూడు నెలలే దీనికి జవాబు చెబుతాయి.

4. ఉన్న పింఛను పోగొట్టుకోవద్దు

గీత, చేనేత కార్మికులకు 50 ఏళ్లకే పింఛను అర్హత ఉంది. 2019లో అది 2,016 రూపాయలకు పెరిగింది. గీత కార్మికులకు సంఘం సభ్యత్వమే ఆధారం. చెట్టు ఎక్కడం తగ్గించినంత మాత్రాన సభ్యత్వం రద్దు చేసుకోకండి. పెద్ద వ్యాపారం ఉన్నవారికి, నాలుగు చక్రాల బండి ఉన్నవారికి పింఛను అర్హత లేదని నిబంధనల్లో ఉంది. ఇంట్లో పింఛను వస్తుంటే ట్రాలీ ఆటో, కారు మీ పేరున కొనేముందు పంచాయతీ కార్యదర్శిని అడగండి. ఇంకా చెట్లు ఎక్కుతున్నవారు కాటమయ్య రక్షణ కవచం కిట్ వాడండి.

5. మోసపోవద్దు

"పది వేలు ఇయ్యి, సబ్సిడీ నేను తెస్త" అనేవాళ్లను నమ్మకండి. పీఎంఈజీపీ దరఖాస్తుకు ఫీజు లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉచితమే. 10 లక్షల లోపు లోన్‌కు బ్యాంకు భూమి తాకట్టు అడగకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఖాళీ కాగితం మీద సంతకం, వేలిముద్ర పెట్టకండి.

6. చాలామంది అడిగేవి

పాత లోన్ బాకీ ఉంటే?
బ్యాంకు ముందు అదే చూస్తుంది. పంట లోన్ అయినా, సంఘం లోన్ అయినా కిస్తీలు దారిలో పెట్టుకుని వెళ్లండి.

బ్యాంకు వద్దంటే?
కారణం కాగితం మీద అడగండి. దానిని జిల్లా పరిశ్రమల కేంద్రంలో చూపించండి.

ఇంట్లోవాళ్లు ఒప్పుకోకుంటే?
పైన వేసిన లెక్క వాళ్ల ముందు పెట్టండి. వాళ్లు అడిగే ప్రశ్నలే రేపు బ్యాంకు మేనేజర్ అడుగుతాడు.

7. వరుస ఇది

పని ఎంచుకోండి. చిన్నగా చేసి చూడండి. శిక్షణ తీసుకోండి. పథకం ఈ ఏడాది తెరిచి ఉందో లేదో ఆఫీసులో కనుక్కోండి. ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, యంత్రాల కొటేషన్ సిద్ధం చేసుకోండి. అప్పుడు దరఖాస్తు పెట్టండి. కొత్త పని మీద కిస్తీ, ఇంటి ఖర్చు రెండూ ఆరు నెలలు వరుసగా వెళ్లాకే పాత పని పూర్తిగా మానండి.

మీ వాడలో ఈ వయసులో పని మార్చుకోవాలని చూస్తున్నవారు ఉంటే వారికీ ఇది పంపండి. ఫోన్ చూడరానివారికి చదివి వినిపించండి.